ఇల్లు మారేటప్పుడు ఏది ఎక్కడికి పోతుంది? ఒడిశా సరిహద్దు ఊళ్ళలో పాత సామాను, చెత్త, లారీ లెక్కలు

మామూలు రోజుల్లో ఇంటి చెత్త రోజుకు కొంత చొప్పున బయటికి పోతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మాత్రం అటక మీద, మంచం కింద, బీరువా వెనక ఏళ్ళ తరబడి పోగుపడినదంతా ఒకటి రెండు రోజుల్లో వాకిట్లోకి వచ్చిపడుతుంది. ఆ సమయంలో ఇంటివారికి తీరిక ఉండదు, లారీ డ్రైవరుకు ఓపిక ఉండదు, ఇంటి యజమాని తాళంచెవి కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. ఈ తొందరలో దూది పరుపు, పాడైన టీవీ, గడువు తీరిన మందులు, సగం మిగిలిన రంగు డబ్బా, చొట్టపడిన ఇత్తడి చెంబు అన్నీ ఒకే గుట్టలో చేరతాయి. అలా చేరిన తరువాత వాటిలో చాలావాటికి మారుబేరం ఉండదు, బాగుచేసుకొని వాడుకునేవారు దొరకరు. కనుక ఇల్లు మారడంలో వస్తువుల పునర్వినియోగం ఏ మేరకు జరుగుతుందన్నది, చివరి రోజున ఏ బుట్టలో ఏది వేశామన్నదాని కంటే, అంతకు మూడు నాలుగు వారాల ముందు ఏ వస్తువును ఏ దారి పట్టించామన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్ళలో ఈ విషయానికి ఒక ప్రత్యేకత ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆ తరువాత కూడా ఇక్కడి తెలుగు కుటుంబాల చుట్టరికాలు, చదువులు, వైద్యం, విశ్రాంత జీవితం చాలావరకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపే సాగుతున్నాయి. రైల్వే, బ్యాంకు ఉద్యోగుల బదిలీలు, దామన్‌జోడిలోని నాల్కో అల్యూమినియం సంస్థ, సునాబెడలోని హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల కర్మాగారం క్వార్టర్ల నుంచి పదవీ విరమణ తరువాత జరిగే తరలింపులు, పెద్దవాళ్ళు పోయాక పాత ఇళ్ళను అమ్మేయడం ఇక్కడ సాధారణం. అంటే సామాను తరచుగా రాష్ట్రం దాటుతుంది. వెనక మిగిలిపోయే చెత్త మాత్రం ఒడిశా పురపాలక సంఘాల పాలిట పడుతుంది.

పంచాంగం కూడా ఇందులో ఒక పాత్ర వహిస్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని తెలుగువారు కొత్తింట్లో దిగరు. దానివల్ల ఉన్న కొద్ది మాసాల్లోని మంచి రోజుల్లోకి తరలింపులన్నీ నెట్టుకుపోతాయి. వేసవి సెలవులు, బదిలీల ఉత్తర్వులు, ముహూర్తం మూడూ కలిసినప్పుడు లారీ కిరాయి పెరుగుతుంది, హమాలీలు దొరకరు, పాత సామాను కొనేవాడికి బేరమాడే అవసరమే ఉండదు. పంచాంగాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. శూన్యమాసమంతా ఖాళీగానే ఉంటుంది కనుక సామాను వేరుచేసే పనికి అంతకంటే మంచి వ్యవధి లేదని మాత్రం చెప్పవచ్చు. అటక దింపడానికి ముహూర్తం చూడనక్కరలేదు.

పాత సామాను ఎలా చేతులు మారుతుంది

ఒక ఇంటి నుంచి బయటికి వచ్చిన ఇనుము, అట్ట, ప్లాస్టిక్కు చాలావరకు ఏ ప్రభుత్వ వ్యవస్థ ద్వారానూ తిరిగి కర్మాగారానికి చేరవు. తోపుడుబండి మీదనో సైకిలు మీదనో వీధుల్లో తిరిగే కబాడీ మనిషి వాటిని తూకానికి కొంటాడు, సాయంత్రానికి తుక్కు దుకాణంలో అమ్ముతాడు, దుకాణదారు రకాలవారీగా విడదీసి, సరిపడా పోగయ్యాక పెద్ద ఊరి టోకు వ్యాపారికి పంపుతాడు. ఈ గొలుసులో ప్రతి మెట్టు దగ్గరా ధరను నిర్ణయించేది ఒక్కటే: సరుకు ఎంత విడిగా, ఎంత శుభ్రంగా, ఎంత పొడిగా ఉందన్నది. విడిగా ఉన్న రాగి తీగకు ఒక ధర, ఇనుములో కలిసిపోయిన రాగికి ఇనుము ధర. పొడి అట్టకు ఒక ధర, తడిసి బరువెక్కిన అట్టకు తరుగు తీసిన ధర. నూనె మరకలున్న ప్లాస్టిక్ డబ్బాకు ధరే లేదు. ఇల్లు మారే చివరి రోజున కబాడీ మనిషి మొత్తం గుట్టకు కలిపి ఒక మాట చెప్పి, అందులో తనకు పనికొచ్చేది మాత్రమే ఏరుకొని, మిగిలినది గేటు బయట వదిలిపోతే అందులో అతని దురాశ ఏమీ లేదు. విడదీయడానికి పట్టే కూలిని అతను ధరలోంచి తీసుకున్నాడు, అంతే.

పురపాలక సంఘాల వ్యవస్థ ఈ గొలుసుకు పక్కన నడుస్తోంది. ఒడిశా పట్టణాల్లో చెత్తనంతా ఊరి బయట ఒకే డంపింగు యార్డుకు తరలించే పద్ధతికి బదులుగా వార్డులకు దగ్గరగా చిన్న కంపోస్టు కేంద్రాలు, పొడిచెత్తను రకాలుగా విడదీసే కేంద్రాలు ఏర్పాటు చేశారు. వీటి నిర్వహణలో మహిళా స్వయం సహాయక సంఘాలకు పెద్ద పాత్ర ఉంది, తడిచెత్త నుంచి తయారయ్యే ఎరువును ‘మో ఖత’ పేరుతో అమ్ముతారు. ఇంటింటికీ వచ్చి వేరు చేసి ఇవ్వడం గురించి చెప్పే స్వచ్ఛ సాథీలు చాలామందికి పరిచయమే. అయితే ఈ ఏర్పాటు రోజువారీ చెత్త కోసం ఉద్దేశించినది. చెత్త తీసుకుపోయే బ్యాటరీ బండిలో ఒక పరుపు, రెండు విరిగిన కుర్చీలు, ఒక కమోడు ఎక్కించమంటే అది అయ్యే పని కాదు. పెద్ద వస్తువులు ఉన్నప్పుడు వార్డు సిబ్బందికి ముందుగా చెప్పి, ప్రత్యేక బండికి రుసుము కట్టి పిలిపించుకోవడం సరైన దారి. దానికి కూడా కొన్ని రోజుల వ్యవధి కావాలి.

చట్టం వైపు చూస్తే, 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంటి చెత్తను తడి, పొడి, గృహ ప్రమాదకర వ్యర్థాలని మూడుగా విడదీయాలన్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఈ మూడో రకమే ఎక్కువగా బయటపడుతుంది: రంగు డబ్బాలు, పురుగుమందు సీసాలు, ట్యూబులైట్లు, గడువు తీరిన మందులు. సగం మిగిలిన రంగును మురుగు కాలువలో పోయడం మామూలుగా కనిపించే దృశ్యం. దాని బదులు మూత తీసి ఎండనిచ్చి, గట్టిపడిన తరువాత డబ్బాను ప్రమాదకర వ్యర్థాల కింద ఇవ్వడం మేలు.

మోసుకుపోవలసినవి, వదిలిపోవలసినవి

సామాను తగ్గిస్తే కిరాయి తగ్గుతుందని ప్యాకర్లు చెబుతారు, అది నిజం. కానీ తగ్గించవలసింది ఏమిటన్నదాంట్లో పొరపాటు జరుగుతుంటుంది. బరువుగా ఉందని టేకు మంచాన్ని అమ్మేసి, తేలికగా ఉందని పార్టికల్ బోర్డు అలమరను వెంట తీసుకుపోయేవారు ఉన్నారు. పార్టికల్ బోర్డు రంపపు పొట్టును జిగురుతో నొక్కి చేసిన పలక. ఒకసారి బిగించిన మరను విప్పి, అదే రంధ్రంలో మళ్ళీ బిగిస్తే పట్టు ఉండదు, రెండోసారికి అంచులు పొడిగా రాలతాయి. విప్పి, లారీలో కుదిపి, కొత్తింట్లో మళ్ళీ బిగించిన అలమర తలుపు ఏడాది తిరగకుండా ఒక పక్కకు వాలడం అందువల్లనే. దాన్ని ఉన్న చోటనే, ఉన్న రూపంలోనే, విప్పకుండా ఇరుగుపొరుగుకో కొత్తగా అద్దెకు దిగేవారికో ఇచ్చేస్తే ఇంకొన్నేళ్ళు పనిచేస్తుంది. టేకు, గుగ్గిలం, మద్ది కర్రతో చేసినవి మాత్రం ఎన్నిసార్లు విప్పినా నిలుస్తాయి. వాటిని అమ్మవలసి వస్తే తుక్కు దుకాణానికి కాక పాత కలప అడితికి గాని వడ్రంగికి గాని చూపాలి. ఉక్కు బీరువాకు మోత ఖర్చే గాని అరుగుదల లేదు.

అల్యూమినియం గిన్నెల సంగతి ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండల మీద తవ్విన బాక్సైటు ఖనిజం దామన్‌జోడిలో అల్యూమినా అనే తెల్లని పొడిగా మారి, అంగుల్‌లో లోహం తీసే స్మెల్టరుకు వెళ్ళి అల్యూమినియమవుతుంది. ఒక టన్ను అల్యూమినియానికి స్థూలంగా నాలుగు టన్నుల బాక్సైటు, రెండు టన్నుల అల్యూమినా, పద్నాలుగు పదిహేను వేల యూనిట్ల విద్యుత్తు కావాలి. పాత గిన్నెను కరిగించి మళ్ళీ లోహం చేయడానికి అందులో ఇరవయ్యో వంతు శక్తి సరిపోతుంది. సొట్టలు పడిన అల్యూమినియం డేగిసాను విడిగా ఒక గోనెసంచిలో వేసి అమ్మడం వల్ల మన చేతికి వచ్చేది కొద్దిపాటి డబ్బే కావచ్చు గాని, ఇనుప తుక్కులో కలిపేసిన గిన్నె వల్ల పోయేది ఈ శక్తి అంతా. ఇత్తడి, కంచు పాత్రల విషయంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. వాటి విలువ మన ఇళ్ళలో అమ్మమ్మల కాలం నుంచీ తెలిసినదే.

బట్టల్లో పట్టుచీరలు వేరు. పట్టుకు బరంపురానికి ఉన్న పేరు ఎలాంటిదో తెలిసిందే. ఇక్కడి పట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చిరిగిన పాత పట్టుచీరల జరీలో వెండి ఉంటే దాన్ని తూకానికి కొనేవారు వీధుల్లోకి వస్తారు. జరీ అసలుదా, రాగి తీగ మీద పూతదా, ప్లాస్టిక్కుదా అన్నది అమ్మేవారికి తెలియకపోతే బేరం కొనేవాడి మాట మీదే నడుస్తుంది. ముందుగా ఒక పోగు తీసి కంసాలికి చూపించడానికి ఒక పూట చాలు. మిగిలిన నూలు చీరలు, పంచెలు ప్యాకింగుకు పనికొస్తాయి, ఆ సంగతి కింద చెబుతాను. దూది పరుపును ఏకించి మళ్ళీ కుట్టించవచ్చు. ఫోము పరుపుకు ఆ యోగం లేదు. మరక పడిన ఫోమును కొనేవారు చిన్న ఊళ్ళలో దొరకడం కష్టం.

పూల కుండీలను లారీ ఎక్కించడం కంటే పక్కింటివారికి అప్పగించి, తులసి విత్తనాలో కరివేప పిలకో వెంట తీసుకుపోతే సరిపోతుంది.

లారీ, ఫ్రిజ్: రెండు లెక్కలు

పర్యావరణం మాట వచ్చినప్పుడు చాలామంది దృష్టి అట్టపెట్టెల మీద, బబుల్ షీటు మీద నిలుస్తుంది. తరలింపులో ఖర్చయ్యే డీజిలును, పాత ఫ్రిజ్‌లోని గ్యాసును లెక్కలోకి తీసుకుంటే ఆ పెట్టెలు వెనక వరుసలోకి పోతాయి.

బరంపురం నుంచి విశాఖపట్నానికి పదహారో నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 270 కిలోమీటర్లు. చిన్న లారీ లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. 34 లీటర్ల డీజిలు పడుతుంది. లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది కనుక ఒక వైపు ప్రయాణానికి దాదాపు 90 కిలోలు. ఆ లారీ మన ఊరిదై, సామాను దించి ఖాళీగా తిరిగివస్తే ఆ ఖాళీ ప్రయాణం కూడా మన ఖాతాలోదే. అందుకు భిన్నంగా విశాఖ నుంచి సరుకు తెచ్చి ఇక్కడ దించి, ఎలాగూ ఇచ్ఛాపురం మీదుగా వెనక్కి పోవలసిన లారీలో సామాను ఎక్కిస్తే కిరాయీ తగ్గుతుంది, రోడ్డు మీద ఒక ఖాళీ లారీ కూడా తగ్గుతుంది. ఈ తిరుగు లోడు పద్ధతి రవాణా దళారులందరికీ తెలిసినదే. అడ్డువచ్చేది ముహూర్తం. పాలు పొంగించవలసిన రోజు, గడియ ముందే ఖాయమై ఉంటాయి. తిరుగు లారీ ఏ రోజు దొరుకుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఈ చిక్కుకు తేలికైన విరుగుడు ఒకటి ఉంది. పాలు పొంగించడానికి దేవుడి పటం, పసుపు కుంకుమ, బియ్యం, ఒక పొయ్యి, ఒక గిన్నె చాలు. ఆ కొద్ది సామానుతో ముహూర్తానికి దిగి, బరువు సామానును ముందో వెనకో నాలుగైదు రోజుల వ్యవధిలో దొరికిన తిరుగు లారీలో తెప్పించుకుంటే శాస్త్రం ప్రకారం లోటు లేదు, కిరాయి ప్రకారం లాభం.

ఇక ఫ్రిజ్. పాత ఫ్రిజ్‌ను కబాడీకి అమ్మితే ముందుగా జరిగేది కంప్రెసరు గొట్టాన్ని కోయడం. కంప్రెసరు లోపలి రాగి చుట్ట విలువైనది. గొట్టంలోని వాయువుకు అతని దగ్గర విలువ లేదు కనుక అది చప్పుడు చేస్తూ గాలిలోకి పోతుంది. ఇరవై ఏళ్ళుగా మన ఇళ్ళలోకి వచ్చిన ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉన్నది ఆర్-134ఎ అనే శీతలీకరణ వాయువు. వందేళ్ళ కాలానికి లెక్కించినప్పుడు ఇది కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 1,400 రెట్లు ఎక్కువగా వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. చిన్న ఫ్రిజ్‌లో అది వంద గ్రాములు ఉన్నా, గొట్టం కోసిన ఆ నిమిషంలో వెలువడినది 140 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం. అంటే సామానంతా విశాఖకు మోసుకెళ్ళిన లారీ పొగ కంటే ఎక్కువ. అంతకంటే పాత ఫ్రిజ్‌లలోని ఆర్-12 ఇంకా తీవ్రమైనది, పైగా ఓజోను పొరను హరిస్తుంది. కొత్త ఫ్రిజ్‌లలో వాడే ఆర్-600ఎ వాతావరణానికి పెద్దగా హాని చేయదు గాని మండే వాయువు. దాని గొట్టాన్ని వెల్డింగు మంటకు దగ్గరగా కోస్తే ప్రమాదం. ఏ వాయువు ఉందో ఫ్రిజ్ వెనక అతికించిన చీటీ మీద రాసి ఉంటుంది.

కాబట్టి పనిచేస్తున్న ఫ్రిజ్‌ను వాడుకునేవారికి ఇవ్వడం మొదటి మార్గం. పాడైపోయినదాన్ని కొత్తది కొన్నప్పుడు ఎక్స్ఛేంజిలో ఇవ్వడమో, తయారీ సంస్థ వినియోగదారుల నంబరుకు ఫోను చేసి ఎక్కడ అప్పగించాలో కనుక్కోవడమో రెండో మార్గం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు 106 రకాల విద్యుత్, ఎలక్ట్రానిక్ వస్తువులకు వర్తిస్తాయి. తాము అమ్మినవాటిలో నిర్ణీత భాగానికి తగ్గ పాత వస్తువులు నమోదైన రీసైక్లర్ల ద్వారా శుద్ధి అయ్యేలా చూసే బాధ్యతను ఇవి తయారీదారుల మీద పెట్టాయి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. ఆచరణలో నమోదైన రీసైక్లర్లు పెద్ద నగరాల దగ్గర ఉంటారు, గుణుపురంలోని పాత మిక్సీకి అక్కడిదాకా దారి చూపేవారు తక్కువ. అందుకని ఎలక్ట్రానిక్ వస్తువులను మిగతా తుక్కుతో కలపకుండా ఒక పెట్టెలో వేసి, నగరానికి పోతున్న అదే లారీలో వెంట తీసుకుపోయి అక్కడ అప్పగించడం వింతగా అనిపించినా సబబైన పని. పాత గాజు బుడ్డి టీవీల వెనక భాగపు గాజులో సీసం ఎక్కువగా ఉంటుంది, వాటిని పగలగొట్టనివ్వకూడదు. తీగల కట్టలను కాల్చి రాగి తీసేవారికి అమ్మితే ఆ పొగలో డయాక్సిన్లనే విషపదార్థాలు ఉంటాయి, ఆ పొగ పీల్చేది చాలాచోట్ల పిల్లలే.

ఇన్వర్టరు బ్యాటరీ ఇందుకు పూర్తిగా వేరైన కథ. దాని బరువులో సగానికి పైగా సీసమే కనుక పాతదానికి డీలరు మంచి ధర తగ్గించి కొత్తది ఇస్తాడు. 2001 నుంచీ పాత బ్యాటరీలను డీలర్ల ద్వారా వెనక్కి తీసుకునే నియమం ఉంది, 2022 నియమాలు దాన్ని అన్ని రకాల బ్యాటరీలకు విస్తరించాయి. డీలరుకు కాక బయట అమ్మితే ఆమ్లాన్ని కాలువలో పోసి, సీసాన్ని పెరటి కొలిమిలో కరిగించే ప్రమాదం ఉంటుంది. వంటగ్యాసు సిలిండరు కూడా లారీ ఎక్కకూడదు. ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకొని, వారిచ్చిన కాగితంతో కొత్త ఊళ్ళో కనెక్షన్ తీసుకోవాలి.

ప్యాకింగు

గాజు సామానును, జాడీలను చీరలు, దుప్పట్లలో చుట్టడం పాత పద్ధతి. అది నేటికీ అన్నిటికంటే మంచి పద్ధతే, ఎందుకంటే ఆ చీరలు ఎలాగూ లారీ ఎక్కవలసినవే. ఊరగాయ జాడీల మధ్య వరిగడ్డి కుక్కితే కుదుపుకు తట్టుకుంటాయి. దిగిన తరువాత గడ్డిని ఆవుకు వేయవచ్చు. పుస్తకాలకు ట్రంకు పెట్టెలు, పప్పులు బియ్యానికి స్టీలు డబ్బాలు, మిగతావాటికి గోనెసంచులు వాడితే కొత్తగా కొనవలసిన పెట్టెలు చాలా తగ్గుతాయి. ప్యాకర్లను కుదుర్చుకునేవారు వారి ప్రకటనలో ఉండే ‘పర్యావరణహితం’ అన్న మాటను అలాగే వదిలేయకుండా, పెట్టెలు కొత్తవా తిరిగి వాడేవా, సామాను దించాక వాటిని వెనక్కి తీసుకుపోతారా, వదిలేసిన సామానును ఏ దుకాణంలో వేస్తారు అని అడగాలి. ఆ మాటను ముద్రించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పగలవాడే నిజంగా ఆ పని చేస్తున్నవాడు.

ఇక్కడ రెండు అపోహలను సరిచేయాలి. రాయగడ దగ్గర జేకేపూర్‌లో పెద్ద కాగితపు మిల్లు ఉంది కాబట్టి మన అట్టపెట్టెలు అక్కడికే పోతాయని చాలామంది అనుకుంటారు. ఆ మిల్లు యూకలిప్టస్, సరుగుడు వంటి కలప గుజ్జుతో రాత కాగితం చేసే మిల్లు; పాత అట్టలు వెళ్ళేది వాటినే నానబెట్టి గోధుమరంగు క్రాఫ్టు కాగితం చేసే వేరే మిల్లులకు. అట్టలోని పీచు ప్రతి చుట్టుకూ కొంత పొట్టిదవుతుంది కనుక ఐదారుసార్లకు మించి తిరగదు, అందువల్ల అట్టను మిల్లుకు పంపడానికి ముందు పెట్టెగానే నాలుగుసార్లు వాడటం ఎప్పుడూ మెరుగు. రెండో అపోహ, ధర్మాకోలు మొత్తం నిషేధమని. 2022 జూలై 1 నుంచి అమలైన నిషేధం ధర్మాకోలు పళ్ళేలకు, గ్లాసులకు, అలంకరణ సామగ్రికి వర్తిస్తుంది. టీవీ పెట్టెలో వచ్చే ధర్మాకోలు అచ్చులకు వర్తించదు. అవి చట్టబద్ధమే గాని వాటిలో 98 శాతం గాలే కనుక లారీ నిండా వేసినా తూకం రాదు, తుక్కు దుకాణం తీసుకోదు. టీవీ, వాషింగ్ మెషీను కొన్నప్పటి అచ్చులను అటక మీద దాచుకున్నవారు ఇల్లు మారే రోజున వాటికి అసలైన ఉపయోగం చూస్తారు. అటక మీద దాచినవాటిలో నిజంగా అక్కరకొచ్చేది బహుశా ఇదొక్కటే.

పాత ఇల్లు ఖాళీ చేయడం

అద్దె ఇంటి తరలింపు కంటే, తాతల నాటి ఇంటిని అమ్మడానికో కూల్చడానికో ఖాళీ చేయడం కష్టమైన పని. ఇక్కడ తొందరపడకూడనిది కాగితాల దగ్గర. 1936కు ముందరి దస్తావేజులు మద్రాసు ప్రెసిడెన్సీ కాలానివి, చాలావరకు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. వాటిని చదవలేని తరం కట్టగట్టి కిలోల లెక్కన అమ్మేస్తోంది. భూమి తగాదాలో అలాంటి ఒక్క కాగితం ఎంత పనిచేస్తుందో లాయర్లను అడిగితే చెబుతారు. తాళపత్రాలు బయటపడితే భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ మ్యూజియంలో వాటికి పెద్ద సేకరణ, సంరక్షణ ఏర్పాటు ఉన్నాయి. తెలుగు పుస్తకాలను ఊళ్ళోని తెలుగు సంఘానికో గ్రంథాలయానికో ఇవ్వడం, కాదంటే శ్రీకాకుళం వైపు వెళ్ళే బంధువులతో పంపడం మంచిది.

కలప విషయంలో జాగ్రత్త రంగు దగ్గర ఉంది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేసిన నియమం 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం చాలా ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అలాంటి కిటికీ రెక్కలను, తలుపులను వంటచెరకుగానో భోగి మంటలోనో వేస్తే సీసం పొగలోనూ బూడిదలోనూ మిగులుతుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. భోగి మంటకు పిడకలు, ఎండుకొమ్మలు, రంగు లేని కర్ర ఉండగా ప్లైవుడ్డు, ప్లాస్టిక్ కుర్చీ వేయవలసిన అగత్యం లేదు. బహిరంగంగా చెత్త కాల్చినందుకు ఐదు వేల రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చినందుకు ఇరవై ఐదు వేల రూపాయలు వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లో ఆదేశించిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

పెంకులు, పాత ఇటుకలు, ద్వారబంధాలు విడిగా పేర్చితే కొనేవారు దొరుకుతారు, పశువుల పాకలకు, ప్రహరీలకు అవి వెంటనే పోతాయి. సిమెంటు రేకులు మాత్రం అలా కాదు. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. పగిలినప్పుడు, కోసినప్పుడు వెలువడే సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తరువాత జబ్బు చేస్తుంది. తడిపి, మరలు విప్పి, ముక్కలు కాకుండా దించాలి. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్ల తరువాత గంజాం, గజపతి జిల్లాల్లో విరిగిన పైకప్పుల తుక్కును ఎత్తినవారికి ఇలాంటి జాగ్రత్త పడే అవకాశం దొరకలేదు. తీరికగా ఇల్లు ఖాళీ చేసేవారికి ఆ అవకాశం ఉంది. కూల్చివేత శిథిలాల నియమాలు 2016లో వచ్చినప్పుడు రోజుకు 20 టన్నులు, లేదా ఒక పనికి నెలకు 300 టన్నులు దాటినవారినే శిథిలాలను నాలుగు రకాలుగా విడదీసి ప్రణాళిక సమర్పించమన్నాయి. చిన్న ఇంటి శిథిలాలు ఆ పరిమితికి లోపలే ఉండవచ్చు, అలాగని వాటిని చెరువు గట్టునో కాలువలోనో పోయడానికి ఎవరికీ హక్కు లేదు. బరంపురంలో వానకు ఏ వీధి మునిగినా ముందుగా వెతకవలసింది ఆ వీధి కాలువలో ఏముందన్నదే.

సరిహద్దు దాటే విషయంలో ఒక చిన్న న్యాయపరమైన మెలిక ఉంది. వాడిన ఇంటి సామానుకు జీఎస్టీ నియమాల ప్రకారం ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఉండవలసిన పత్రం) అక్కరలేదు; సామాను జాబితా, గుర్తింపు పత్రం, బదిలీ ఉత్తర్వు నకలు వెంట ఉంచుకుంటే సరిహద్దులోని గిరిసోల దగ్గర లారీ ఆపి అడిగినా చెప్పుకోవచ్చు. ఈ మినహాయింపు సొంత వాడకపు సామానుకే. విశాఖలో ధర ఎక్కువని ఇక్కడి ఇనుప తుక్కును, రాగి తీగలను అమ్మకానికి అదే లారీలో వేసుకుపోతే అది సరుకు అవుతుంది, ఇంటి సామాను కాదు. కనుక అమ్మేది ఇక్కడే అమ్మాలి, వెంట తీసుకుపోయేది వాడుకునేదిగాను, అప్పగించవలసిన ఎలక్ట్రానిక్ పెట్టెగాను మాత్రమే ఉండాలి.

దిగిన తరువాత పెట్టెల సంగతి మిగులుతుంది. అవి వానాకాలంలో వరండాలో వారం ఉంటే తేమ పీల్చి మెత్తబడతాయి, ఆపైన పెట్టెగా వాడుకోవడానికీ అట్టగా అమ్ముకోవడానికీ పనికిరావు. టేపు ఊడదీసి, చదునుగా మడిచి, పొడిగా ఉన్న గదిలో గోడకు ఆనించి, ఆ వీధిలోనో ఆఫీసులోనో తరువాత బదిలీ అయినవారి పేరు కనుక్కొని వారికి కబురు పంపాలి. అట్టతో పాటు, తిరుగు లారీ కుదిర్చిన దళారి ఫోను నంబరు కూడా ఇస్తే వారికి సగం పని తప్పుతుంది.